తోటలోకి వచ్చినవాళ్ళు

మా నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలకి పూర్వం గోడలుండేవి కావు. హద్దు వెంట కిత్తనార, గచ్చపొదలు, సందున్నచోట తుమ్మకంప, అంతే. అది పశువుని ఆపడానికే. మనిషి రాదల్చుకుంటే కంప పక్కకి లాగి వస్తాడు, కాస్త మర్యాదస్తుడైతే పోయేటప్పుడు మళ్ళీ సర్ది పోతాడు. నాన్నగారు పొద్దున్నే తోట చుట్టూ తిరిగేది ఆ కంప చూసుకోవడానికే. ఎక్కడ జరిగింది, ఎంత జరిగింది, మళ్ళీ సర్దారా లేదా అని చూసి, రాత్రి వచ్చింది మేకలవాడో, పుల్లలవాళ్ళో, కాయల దొంగో చెప్పేసేవారు.

ఆయన తర్వాత ఆ తోటా, దాన్ని ఆనుకున్న మెట్టచేనూ నాకు వచ్చాయి. ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమానహక్కు ఇస్తూ 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో సవరణ అమల్లోకి వచ్చింది గాని, అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదన్నారు. నా పెళ్ళి అంతకుముందే అయింది. అందుకని నాన్నగారు వీలునామా రాసి రిజిస్టరు చేయించారు. నేనప్పుడు వేరే ఊళ్ళో టీచరుని. "పంతులమ్మగారు ఆదివారం వస్తారు. మిగతా ఆరురోజులూ తోట ఊరిదే" అని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారట. నవ్వుకోవడానికి అన్నమాటే గాని, అందులో అబద్ధం లేదు.

ఆరురోజులు ఎవరెవరు వస్తున్నారో తెలుసుకోవడమే నేను నేర్చుకున్న మొదటి వ్యవసాయం.

కాయ కోతలైపోయి, తొలకరి పడ్డాక చెట్ల కింద గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఇంట్లో ఒక గేదె ఉండి, సెంటు భూమి లేని ఆడవాళ్ళు కొడవలీ గోనెపట్టా పట్టుకుని వస్తారు. నాన్నగారి కట్టుబాటు ఒకటుండేది. గడ్డి ఎంతైనా కోసుకోవచ్చు. కొమ్మ మీద చెయ్యి వెయ్యకూడదు. అంటుమొక్కల పాదుల్లో కొడవలి పెట్టకూడదు. కంప తోసుకుని కాదు, బండిదారిలోంచే రావాలి. నేనూ అదే కొనసాగించాను. మా కాపలా మనిషికి అది గిట్టలేదు. "అమ్మగారూ, ఇవాళ గడ్డంటారు, రేపు పుల్లలంటారు, ఎల్లుండి కాయలంటారు. మొదట్లోనే అదిలించకపోతే ఆగరండీ" అనేవాడు. అతని అనుభవం అతనిది. కానీ ఆ ఆడవాళ్ళు చెట్టు మొదట్లో కూర్చుని పనిచేసేవాళ్ళు. కాపలా మనిషి దారివెంట నడిచేవాడు. ఒక ఆదివారం నేను గట్టెక్కగానే ఒకామె మోపు దించి, "పంతులమ్మగారండీ, ఆ మూల పెద్దరసం చెట్టు మొదట్లో పొట్టు రాలుతోందండీ, చూసుకోండి" అంది. కాండం తొలిచే పురుగు. ఇనపచువ్వతో బెజ్జాలు గెలికి, మందులో ముంచిన దూది కూరి, మట్టి మెత్తించాం. చెట్టు దక్కింది. తోటలోకి ఎవరు వచ్చారు, ఏ పూట వచ్చారు, ఎటు పోయారు అన్నది కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు.

గొర్రెల మందలతో లెక్క వేరు. చేలు కోతలై ఖాళీ అయితే మందలు దిగుతాయి. రాత్రిపూట చేలో మంద కట్టించుకుంటే పెంట, మూత్రం నేలకి ఎరువు. అందుకు రైతే కాపరికి గింజలో డబ్బులో ఇస్తాడు. కాబట్టి గొర్రెలవాడు మాకు చుట్టం లాంటివాడే. చిక్కల్లా మందలో కలిసివచ్చే మేకలతో. గొర్రె తలదించి నేలమీద మేస్తుంది, మేక ముందుకాళ్ళు ఎత్తి నిలబడి చిగురు అందుకుంటుంది. కొత్తగా నాటిన బంగినపల్లి అంట్లని ఒక మధ్యాహ్నం మేకలు మోడు చేసిపెట్టాయి.

మా నాన్నగారి రోజుల్లో అయితే బందెలదొడ్డికి తోలేవారు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం ప్రకారం చేలో పడ్డ పశువుని పట్టి దొడ్డిలో పెట్టించవచ్చు. సొంతదారు జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి, తగువు మనిషికీ మనిషికీ మధ్య కాకుండా పశువు మీదుగా పోవడం. తిట్టుకోవడం, కొట్టుకోవడం లేకుండా రశీదుతో తేలిపోయేది. నా చేతికి పొలం వచ్చేసరికి మా ఊరి బందెలదొడ్డికి తలుపు లేదు. లోపల చెత్త పోస్తున్నారు.

ఇక మాటే మిగిలింది. కాపరి కుర్రాణ్ణి ఆపి "ఏ ఊరు నాయనా? ఎవరి మంద?" అని అడిగాను. ముందు బింకంగా నిలబడ్డాడు. వాళ్ళ ఊరిపేరు చెప్పగానే, ఆ ఊరి బడిలో మా స్నేహితురాలు పనిచేస్తోందన్నాను. కుర్రాడి భుజాలు దిగాయి. సాయంత్రానికి వాళ్ళ పెద్దాయన వచ్చాడు. "పిల్లోడు చెట్టుకింద కునుకు తీశాడమ్మా. మొక్కలకి ఎంతవుతుందో చెప్పు, ఒక్కసారి ఇచ్చుకోలేను" అన్నాడు. డబ్బు వద్దన్నాను. ఆ కారు మెట్టచేలో గింజలు తీసుకోకుండా మంద కట్టాడు. తర్వాతి ఏటి నుంచి మేకల్ని మా గట్టు దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఇలా మాటతో తేలనివీ చూశాను. అందులో ఒకటి నా చిన్ననాటిది.

వేసవిలో గాలివాన వచ్చి రాలిన కాయని ఎవరు ఏరుకున్నా అడగకూడదని మా ఊళ్ళో వాడుక. పచ్చళ్ళకీ, ఒరుగులకీ పేదల ఇళ్ళలో ఆ కాయే. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక గాలివాన మర్నాడు, మా పక్క తోట యజమాని ఒక కుర్రాణ్ణి చెట్టుకి కట్టేశాడు. ఏరుకున్న కాయలు సంచిలో పోసి మెళ్ళో వేలాడదీశాడు. రాలిన కాయా కోసిన కాయా అని ఎవరూ చూడలేదు. వాడి తల్లి కంప అవతల నిలబడి ఏడుస్తోంది, లోపలికి అడుగుపెట్టే ధైర్యం లేదు. పొద్దెక్కాక సంగతి తెలిసి నాన్నగారు వెళ్ళారు, వెనకాల నేనూ. ఆయన గొంతెత్తలేదు. "మీ తోటలో కాయలు పోయాయని ఊళ్ళో ఎవరికీ తెలీదు. పిల్లాణ్ణి కట్టేశారని మాత్రం అందరికీ తెలిసింది" అన్నారు. అని, ఆ యజమాని జవాబు కోసం చూడకుండా ముడి విప్పారు.

ఆ పిల్లాడు మాలపల్లి నుంచి వచ్చాడు. ఊళ్ళో పెద్దిళ్ళ పిల్లలు అదే తోటలో రాళ్ళేసి చెట్టుమీది కాయే కొట్టేవారు. వాళ్ళ కోసం ఎవరూ తాడు తీయలేదు. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక అలాంటి పని చేసినవాడు జైలుకి పోతాడు. కానీ తోటలోకి ఎవరొస్తే కోపం వస్తుంది, ఎవరొస్తే రాదు అన్న లెక్క చట్టం వచ్చిన మర్నాడే మారిపోలేదు. మా బడిలో పిల్లలకి ఆ చట్టం గురించి చెప్పినప్పుడల్లా ఆ కంప అవతల నిలబడ్డ తల్లి సంగతి చెప్పేదాన్ని.

రోడ్డు వెడల్పయ్యాక కొత్తరకం మనుషులు మొదలయ్యారు. వీళ్ళు మా ఊరివాళ్ళు కారు, పక్క ఊరివాళ్ళూ కారు. ఆదివారం మోటారుసైకిళ్ళ మీద వచ్చి, నీడ చూసుకుని కూర్చుని, సీసాలు ఖాళీ చేసి చెట్టుకేసి కొట్టేవారు. ఆ గాజుపెంకులు గుచ్చుకునేది గడ్డికోసే ఆడవాళ్ళ కాళ్ళకి. ఇంకొందరు పెళ్ళికి ముందు ఫొటోలంటూ కెమెరాలతో దిగేవారు. పూత మీదున్న కొమ్మ వంచి పెళ్ళికూతురి ముఖం పక్కన పెడితే బాగుంటుందట. రాలిన పూతంతా పోయిన కాపే అని చెబితే, "ఆంటీ, రెండు నిమిషాలే" అన్నారు. వాళ్ళకి మెట్టచేను గట్టు చూపించి, ఫొటోలు అక్కడ తీసుకోమన్నాను. తాగేవాళ్ళ సంగతి అంత తేలిక కాలేదు. వాళ్ళని "ఏ ఊరు బాబూ?" అని అడిగితే, "ఏ ఊరైతే నీకెందుకు?" అన్నారు. ఎవరి పిల్లలో తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న పనిచేస్తుంది. తెలియనివాళ్ళ ముందు అది ఒట్టి ప్రశ్న. నేను బండ్ల నంబర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. ఒంటరిగా ఎదురు నిలవకుండా, దూరం నుంచి, వాళ్ళకి కనపడేలాగే రాసేదాన్ని. బండిదారి మొదట్లో రాతికడీలు పాతించి గొలుసు వేయించాను. కాలినడకన వచ్చేవాళ్ళకి పక్కన సందు వదిలాను. మోపు ఎత్తుకున్న మనిషి పడుతుంది, మోటారుసైకిలు పట్టదు. అంతటితో చాలావరకు తగ్గింది.

ఆ తర్వాత బోరు దగ్గర దొంగతనాలు మొదలయ్యాయి. కాయ దొంగ బుట్టెడు కాయలతో పోతాడు. ఈ దొంగలు మోటారు కేబుల్ కోసి, లోపలి రాగితీగ తీసుకుని, పై తొడుగు తగలబెట్టి పోయేవారు. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి నూనె పారబోసి రాగి పట్టుకుపోయిన రాత్రులున్నాయి. నడివేసవిలో కొత్తది వచ్చేదాకా దాని కిందున్న రైతులందరి చెట్లూ ఎండాల్సిందే. ఊళ్ళో మగవాళ్ళు వంతులేసుకుని బోర్ల దగ్గర పడుకున్నారు.

అప్పుడే ఒకాయన నాకు సలహా చెప్పాడు. "చుట్టూ బైండింగ్ వైరు లాగి, రాత్రి పది దాటాక కరెంటు పెట్టండి పంతులమ్మగారూ. పందులకని చెప్పొచ్చు. ఒక్కడికి తగిలితే చాలు, ఇంకెవడూ రాడు." అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగకి మనుషులు చనిపోయిన వార్తలు మన పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటాయి. చాలాసార్లు పోయేది దొంగా కాదు, పందీ కాదు. తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్కచేను రైతు, తప్పిపోయిన గేదెని వెతుక్కుంటూ వచ్చిన మనిషి, ఒక్కోసారి తీగ పెట్టినవాడే. నేను వద్దన్నాను. ఇప్పుడు దొరికే సోలారు కంచె వేరు. అది గుండె ఆగేలా కాకుండా ఝల్లుమనేలా విడివిడిగా కరెంటు వదులుతుంది. స్తంభం మీది లైను నుంచి తీగ లాగడం మాత్రం విద్యుత్ చౌర్యం, మనిషి చస్తే హత్యానేరం దాకా పోయే కేసు.

ఆ రోజుల్లోనే మాకు తెలిసిన ప్లీడరుగారి దగ్గర కూర్చుని చట్టం అడిగాను. ఆయన చెప్పింది విని ఆశ్చర్యపోయాను. ఇతరుల భూమిలో అడుగుపెట్టినంతమాత్రాన నేరం కాదు. ఏదో నేరం చెయ్యాలనో, భూమి అనుభవిస్తున్న మనిషిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉంటేనే అది నేరపూరిత చొరబాటు. పాత శిక్షాస్మృతిలో 447వ సెక్షన్ కింద దానికి మూడునెలల దాకా ఖైదు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 329వ సెక్షన్. ఖైదు అంతే ఉంది, జరిమానా 5,000 దాకా పెరిగింది. "మీ ఆస్తి కాపాడుకునే హక్కు మీకుంది. అవసరానికి మించి దెబ్బ కొట్టే హక్కు లేదు. చెయ్యి చేసుకున్నారో, కేసు మీమీదికే తిరుగుతుంది" అన్నారాయన. గడ్డికోసే మనిషి మీద చట్టం ఎందుకు పనిచేయదో, కేబుల్ కోసేవాడి మీద ఎందుకు పనిచేస్తుందో నాకు ఆ పూట అర్థమైంది. పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి నకలు మీద సంతకం తీసుకోవడం, పోయిన వస్తువు బిల్లు దాచుకోవడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళంతా వచ్చి పోయినవాళ్ళు. వచ్చి ఉండిపోయినాయన గురించి చెప్పాలి.

మెట్టచేనుకి తూర్పు గట్టు అవతల పొలం మా ఊరి బాబాయ్‌ది. రక్తసంబంధం లేదు, వరసకి బాబాయ్. గట్టు మధ్య తాడిచెట్ల వరస ఉంది. నా చిన్నప్పుడు ఆ చెట్లకి ఇటూ అటూ మనిషి నడిచేంత గట్టు ఉండేది. కొన్నేళ్ళకి చూస్తే చెట్లు ఆయన చేలో నిలబడ్డట్టు కనిపించాయి. గట్టు అటువైపు చెక్కేశారు. ఆ మట్టి ఇటు పోసి, మా చేలో కొత్త గట్టు లేపారు. నాగలి రోజుల్లో ఏటా బెత్తెడు పోయేది, ట్రాక్టరు వచ్చాక ఒక్క దుక్కికే మూరెడు పోతోంది. సర్వే గొలుసు లెక్కలో లింకు అంటే దాదాపు ఎనిమిది అంగుళాలు. వెయ్యి లింకుల పొడవున్న గట్టు ఒక్క లింకు జరిగితే సెంటు భూమి పోయినట్టు. కంటికి ఆనదు.

అడిగితే, "అమ్మాయ్, గట్టు నీదా నాదా అన్న మాట మీ నాన్నకీ నాకూ మధ్య ఎన్నడూ రాలేదు" అన్నాడు. ఆ మాటకి జవాబు చెప్పడం కష్టం. బాబాయ్ అని పిలుస్తూ దొంగతనం అనలేం. అందుకని నేను మనిషితో తగువు మానేసి, రాయిని అడుగుదామనుకున్నాను. మాది ఒకప్పటి నూజివీడు జమీందారీ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రైత్వారీ పట్టాలు వచ్చిన భూములు. హద్దు తగువు తీర్చడానికి 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఉంది. చలానా కట్టి అర్జీ పెట్టాను. చుట్టుపక్కల రైతులకి నోటీసులు వెళ్ళాయి. చాలా వాయిదాల తర్వాత సర్వేయరు కొలతల పుస్తకం నకలు, గొలుసు పట్టుకుని వచ్చాడు. మూడు పొలాలు కలిసేచోట రాయి ఉండాలన్నాడు. పైకి ఏమీ లేదు. గడ్డపారతో తవ్వితే మోకాలిలోతున తగిలింది. అక్కడినుంచి గొలుసు లాగితే తిన్నగా తాడిచెట్ల వరస మీదుగా పోయింది.

బాబాయ్ ఆ రాయిని చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ట్రాక్టరు కుర్రాడికి హద్దేం తెలుస్తుంది" అన్నాడు చివరికి. నేను సరేనన్నాను. ఆయనకి అదొక్క దారి వదిలిపెట్టడం వల్ల పాతగట్టు మీద కడీలు పాతే రోజు ఆయనే వచ్చి నిలబడ్డాడు. ఆ ఏడు ముంజలు మా ఇంటికి పంపాడు.

ఎప్పుడూ పొలంలో అడుగే పెట్టనివాడు మాత్రం నా కంటికి కనిపించలేదు. 2015లో భూమి రికార్డులకి మీభూమి వెబ్‌సైటు వచ్చాక మా అబ్బాయి అడంగల్ తీసి చూపించాడు. పట్టాదారు గడిలో నా పేరే ఉంది. మెట్టచేనులో కొంత విస్తీర్ణానికి అనుభవదారు గడిలో ఎవరిదో పేరు. ఆ మనిషిని ఊళ్ళో ఎవరూ ఎరగరు. పాసుపుస్తకం, వీలునామా, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పాత శిస్తు రశీదులు జతచేసి అర్జీ పెట్టాను. విచారణకి వచ్చి, పొలం ఎవరు చేస్తున్నారని ఊళ్ళో అడిగారు. నా తరఫున వచ్చి చెప్పినవాళ్ళలో బాబాయ్ ఉన్నాడు, గడ్డి కోసుకునే ఆడవాళ్ళూ ఉన్నారు. "పంతులమ్మగారిదేనండీ, వాళ్ళ నాన్నగారప్పటినుంచీ చూస్తున్నాం" అని వేలిముద్రలు వేశారు. పేరు తొలగింది. మొదట్లోనే అదిలించమన్న మా కాపలా మనిషి మాట విని వాళ్ళని తరిమేసి ఉంటే, ఆ రోజు నా భూమి నాదని చెప్పడానికి ఊళ్ళో సాక్షి దొరికేవాడు కాదు.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో నాన్న వదిలిన పొలం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఏడాదికొకసారి అడంగల్, ఈసీ తీసి చూసుకోండి. హద్దురాయి ఎక్కడుందో మీ కళ్ళతో మీరు చూడండి, కనపడకపోతే కొలిపించండి. తాగొచ్చి సీసాలు పగలగొట్టేవాడికీ, రాగితీగ కోసేవాడికీ కేసు పెట్టండి. కరెంటు తీగ జోలికి పోకండి. గడ్డికీ, రాలిన కాయకీ వచ్చే మనిషిని తరమకండి, పేరడిగి తెలుసుకోండి. మీరు లేని రోజుల్లో మీ పొలాన్ని చూసేది వాళ్ళే.